పైన్ గింజలా? ఏ పైన్?

(నల్లగొండలో ఒక ఆదివారం ఉదయం, పార్కులో రోజూ నడిచేవాళ్లంతా కలిసి పెట్టుకున్న సమావేశంలో రిటైరైన వృక్షశాస్త్రం లెక్చరర్ ఒకరు మాట్లాడిన మాటలివి. రానివాళ్ల కోసం ఫోన్ రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. నలభై ఏళ్లు క్లాసులో అరిచిన గొంతు ఇది, మైకు లేకున్నా నడుస్తుంది.

ఈ సంగతి ఎట్లా మొదలైందో ముందు చెప్తాను. పోయిన నెల నడక అయిపోయాక టీ దగ్గర ఒక మిత్రుడు ఫోన్‌లో వీడియో చూపించాడు. ఆయన ఇక్కడే ఉన్నాడు, పేరు చెప్పను. తల వంచుకున్నాడు చూడండి. ఆ వీడియోలో ఎవరో పైన్ గింజలు గుప్పిట్లో పట్టుకుని, పరగడుపున ఇవి తింటే ఆకలి చచ్చిపోతుంది, బరువు తగ్గే సూదిమందులతో పనే లేదు, శాస్త్రవేత్తలే చెప్పారు అంటున్నాడు. మా మిత్రుడు అప్పటికే పావుకిలో తెప్పించేశాడు. ఎంతయిందయ్యా అంటే చెప్పడు. ఇంట్లో కూడా చెప్పలేదట. "సార్, మీరు బాటనీ కదా, ఇది నిజమేనా?" అని అడిగాడు. నేను ఒక్కటే అడిగాను. ఏ పైన్? అన్నాను. ఆయన నా ముఖం చూశాడు. పైన్ అంటే పైనే కదా సార్, అందులో మళ్లీ ఏదేంటి?

అదీ విషయం. ఏ పైన్? ఇవాళ నేను చెప్పేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టే తిరుగుతుంది. మీరు మామిడిపండు కొంటే ఏ మామిడి అని అడగరా? బియ్యం కొంటే ఏ బియ్యం అని అడగరా? పది రూపాయల కొత్తిమీరను వాసన చూసి కొంటాం, వేల రూపాయల గింజ కొనేటప్పుడు మాత్రం ప్యాకెట్ మీద బొమ్మ చూసి కొంటాం.

సరే, అసలు ఇది ఏమిటి? మనలో చాలామంది పైన్ చెట్టును దేవదారు అంటారు. దేవదారు వేరు. సంస్కృతంలో సరళ వృక్షం అన్నారే, అదీ పైన్. మన టెన్త్ పుస్తకంలో వివృతబీజాలు అని చదువుకున్నాం, గుర్తుందా? పండు ఉండదు, గుజ్జు ఉండదు, గింజ పొలుసుల మధ్య బయటికే ఉంటుంది. పైన్ కాయ అని మనం అనేది కాయ కాదు, శంకువు. శంకువులో ఒక్కో పొలుసు మీద రెండేసి గింజలు కూర్చుని ఉంటాయి. కాబట్టి బాదం, జీడిపప్పు పక్కన ఒకే డబ్బాలో పెడతాం గానీ ఇది చాలా పాత వంశం. పువ్వులు పూసే చెట్లు భూమ్మీదికి రాకముందునుంచీ ఉన్న వంశం.

పైన్ జాతులు నూటికి పైగా ఉన్నాయి. అందులో మనిషి ఒలుచుకుని తినదగ్గంత పెద్ద గింజ ఉన్నవి ఇరవై దాకా. వ్యాపారంలో తిరిగేవి ఇంకా తక్కువ. మధ్యధరా సముద్రం చుట్టూ, స్పెయిన్, ఇటలీ, టర్కీల్లో ఒక పైన్. పొడుగ్గా, సన్నగా, తెల్లగా ఉంటుంది గింజ. కొరియా, చైనా ఈశాన్యం, రష్యా తూర్పు కొసన కొరియన్ పైన్. సైబీరియాలో సైబీరియన్ పైన్. అమెరికా నైరుతి ఎడారి కొండల్లో పిన్యోన్, అక్కడి ఆదివాసులకు తరతరాల తిండి అది. మన దేశంలో? మన దేశంలో హిమాచల్ ప్రదేశ్ కిన్నౌర్ కొండల్లో చిల్గోజా. అదే చెట్టు అఫ్గానిస్తాన్‌లో, పాకిస్తాన్‌లో ఉంది. వానలు సరిగ్గా చేరని ఎండు కొండల మీద, రెండు మూడు వేల మీటర్ల ఎత్తున పెరుగుతుంది. ఇక చైనాలో ఇంకొకటి, చైనా తెల్ల పైన్, పినస్ ఆర్మండీ. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, నాకు దీనితో పాత కక్ష ఉంది. తర్వాత చెప్తాను.

చిల్గోజా అనగానే అదిగో ఆ పక్కన మా ఖాన్ సాబ్ నవ్వుతున్నారు. రంజాన్ షీర్ ఖుర్మా తిన్నవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. ఉన్నవాళ్ల ఇళ్లలో చిల్గోజా వేస్తారు, లేకపోతే సారపప్పు. సారపప్పు సంగతికి కూడా వస్తాను.

ఇంత ఖరీదెందుకు అంటారా? మధ్యధరా పైన్‌లో శంకువు తయారై గింజ చేతికి రావడానికి మూడేళ్లు పడుతుంది. మూడేళ్లు! మన పల్లీ నాలుగు నెలల్లో చేతికొస్తుంది. చిల్గోజాకైతే కొండల మీద చెట్టెక్కి, శంకువు విచ్చుకోకముందే కోసి, ఎండబెట్టి, గింజ రాల్చాలి. కొమ్మలు నరికి మరీ కోస్తారు. గింజలన్నీ కిందికే దించేస్తే కొత్త మొక్క ఎక్కడినుంచి మొలుస్తుంది? అందుకే ప్రమాదానికి దగ్గర్లో ఉన్న జాతుల జాబితాలో చేరింది ఆ చెట్టు.

ఇప్పుడు పోషకాల లెక్క. బోర్డు లేదు కాబట్టి కొన్ని అంకెలే చెప్తాను. ఎండు పైన్ గింజలు 100 గ్రాములు తీసుకుంటే 670 కేలరీల పైమాటే. కొవ్వు 68 గ్రాములు. అంటే తూకంలో మూడింట రెండు వంతులు నూనే. ప్రొటీన్ 14 గ్రాముల దగ్గర. మరి పల్లీలు? 100 గ్రాములకు 567 కేలరీలు, కొవ్వు 49, ప్రొటీన్ 26 గ్రాములు దాకా. ప్రొటీన్‌లో మన పల్లీ దాదాపు రెట్టింపు. ఇది విని పాలమూరు పల్లీ రైతు ఎవరైనా ఉంటే మీసం తిప్పుకోవచ్చు. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల దిక్కు యాసంగిలో వేసే పల్లీ అది.

అట్లాగని పైన్ గింజను తీసిపారేయకండి. నేను దాన్ని తిట్టడానికి రాలేదు. మాంగనీస్ అనే ఖనిజం ఉంది, 100 గ్రాముల్లో 8.8 మిల్లీగ్రాములు. 30 గ్రాములు తింటే పెద్ద మనిషికి ఆ రోజుకు కావలసిందంతా అయిపోయినట్టే. మెగ్నీషియం 250, జింక్ ఆరున్నర మిల్లీగ్రాములు. విటమిన్ ఇ తొమ్మిది పైన. ఉన్న నూనెలో ఎక్కువ భాగం మంచి నూనె, అంటే అసంతృప్త కొవ్వు. మంచి గింజే. మంచి గింజ కావడం వేరు, మందు కావడం వేరు.

ఆకలి చంపుతుంది అన్న మాట ఎక్కడినుంచి వచ్చింది? గాల్లోంచి రాలేదు. దానికి మూలం ఉంది. పైన్ గింజల నూనెలో పినోలెనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఉంటుంది. మిగతా తిండిలో దాదాపు కనిపించదు, పైన్ వంశం ఆస్తి అది. కానీ అందరు వారసులకూ సమానంగా పంచలేదు. కొరియన్ పైన్ నూనెలో ఇది నూటికి 14 వంతుల దగ్గర ఉంటుంది. సైబీరియన్‌లో ఇంకాస్త ఎక్కువ. ఇటలీవాళ్లు పెస్టో పచ్చడిలో నూరుకునే మధ్యధరా పైన్‌లో? నూటికి ఒక వంతు కూడా లేదు. ఒక వంతు కూడా! చూశారా, ఏ పైన్ అని ఎందుకు అడిగానో?

2008లో నెదర్లాండ్స్‌లో ఒక పరిశోధన అచ్చయింది. నెలసరి ఆగిపోయిన, బరువెక్కువ ఉన్న ఆడవాళ్లు పద్దెనిమిది మంది. పద్దెనిమిది మందే, ఈ హాల్లో ముందు రెండు వరసలు అనుకోండి. వాళ్లకు ఒకరోజు 3 గ్రాముల కొరియన్ పైన్ నూనె గొట్టాల్లో, అంటే క్యాప్సూళ్లలో, ఇచ్చారు, ఇంకోరోజు ఆలివ్ నూనె. ఏది ఏదో వాళ్లకు చెప్పలేదు. నాలుగు గంటలు రక్తం తీసి చూశారు. కడుపు నిండింది అని మెదడుకు కబురు చెప్పే హార్మోన్లు రెండున్నాయి, సీసీకే, జీఎల్‌పీ-1. పైన్ నూనె తీసుకున్న రోజు మొదటిది 60 శాతం, రెండోది 25 శాతం ఎక్కువ వచ్చాయి. తినాలనే కోరిక కూడా తగ్గిందన్నారు.

వినడానికి బాగుంది కదా? ఇప్పుడు మెల్లగా అడుగుదాం. వాళ్లకు ఇచ్చింది గింజలా? కాదు, నూనె. మామూలు నూనెనా? బాగా పనిచేసింది మామూలు నూనె కూడా కాదు. నూనెను విడగొట్టి, కొవ్వు ఆమ్లాలను విడిగా తీసి ఇచ్చిన రకం. గింజలో ఉన్న నూనె అట్లా ఉండదు, మూడు కొవ్వు ఆమ్లాలు ఒక కట్టుగా ఉంటాయి. పరిశోధన చేసినవాళ్లలో ఎవరున్నారు? ఆ నూనెను అమ్మే కంపెనీ మనుషులు కూడా ఉన్నారు. దాచలేదు, పేపర్లోనే రాసుకున్నారు. అందుకని అబద్ధమని నేననను. కానీ పెళ్లి సంబంధం గురించి పిల్లవాడి మేనమామ చెప్పినప్పుడు మనం ఇంకొకరిని కూడా అడుగుతామా లేదా?

అడిగారు. అదే ఏడాది ఇంకో ప్రయోగం, నలభై ఇద్దరు ఆడవాళ్ల మీద. మోతాదులు మార్చి చూశారు. భోజనానికి అరగంట ముందు 2 గ్రాములు ఇస్తే తిన్న తిండి తూకం 9 శాతం తగ్గింది. 9 శాతం అంటే ఎంతనుకున్నారు? 50 గ్రాములు. మన భాషలో రెండు ముద్దలు. తర్వాత 2011లో నెదర్లాండ్స్‌లోనే మాస్ట్రిక్ట్‌లో, విడగొట్టని నూనెతో, అంటే గింజలో ఉన్నట్టే ఉన్న నూనెతో చేసి చూశారు. ఫలితం? కడుపు నిండిన భావన మీద గానీ, తిన్న కేలరీల మీద గానీ ప్రభావం లేదు. వాళ్ల పేపరు శీర్షికే "ప్రభావం లేదు" అని మొదలవుతుంది. దాన్ని వీడియో చేసినవాడిని మీరెవరైనా చూశారా? చూడరు. ప్రభావం లేదు అన్న వీడియోకు లైకులు రావు.

జీఎల్‌పీ-1 అన్నాను కదా. బరువు తగ్గే సూదిమందులు పనిచేసేది ఆ దారిలోనే, అందుకే ఈ వీడియోల వాళ్లు పైన్ గింజను సహజ ఇంజెక్షన్ అంటున్నారు. ఇక్కడ ఒక మాట వినండి. మన పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1 రక్తంలోకి వచ్చిన రెండు నిమిషాల్లో సగం విరిగిపోతుంది. సెమాగ్లుటైడ్ అనే మందు సగం కావడానికి వారం దాకా పడుతుంది, అట్లా ఉండేటట్టే తయారుచేశారు దాన్ని. రెండు నిమిషాలకూ వారానికీ ఎంత తేడా? గ్యాస్ లైటర్ నిప్పురవ్వనూ బొగ్గుల కుంపటినీ ఒకటే అన్నట్టుంది. డాక్టరు రాసిన మందు ఆపేసి గింజలు నమిలేవాళ్లు ఎవరైనా ఉంటే, దయచేసి ఆ పని చెయ్యకండి.

ఇక్కడ మన నల్లగొండవాళ్లకు ఒక సుగుణం ఉంది. మోతాదు అంటే ఏమిటో మనకు వేరేవాళ్లు చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ మన ఒళ్లు మీద రాసి నేర్పింది. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఎముక ఏమవుతుందో మర్రిగూడ దిక్కు పెద్దవాళ్లను చూసిన ప్రతివాడికీ తెలుసు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని ప్రపంచం పుస్తకాల్లో నల్లగొండ టెక్నిక్ అనే చదువుకుంటుంది. మందయినా విషమయినా ఎంత, ఏ రూపంలో, ఎన్నాళ్లు అని అడగాల్సిన ఊరు మనది. మనమే అడగకపోతే ఎట్లా?

సరే, గుండె సంగతి. గింజలు, పప్పులు గుండెకు మంచివనే మాటకు ఆధారం బాగానే ఉంది. 1992లో అచ్చయిన ఒక పరిశోధనలో, కాలిఫోర్నియాలో అడ్వెంటిస్టులు అనే క్రైస్తవ శాఖవాళ్లను ముప్పై వేల పైచిలుకు మందిని గమనించారు. వాళ్లలో సిగరెట్, మందు అలవాట్లు చాలా తక్కువ. వారంలో నాలుగుసార్లకు మించి నట్స్ తినేవాళ్లలో గుండెపోటు సగానికి దగ్గరగా తక్కువుంది. ఆ తిన్నవాటిలో పెద్ద వాటా దేనిది? పల్లీలది! అవును, పల్లీలది. స్పెయిన్‌లో ఏడు వేల నాలుగు వందల పైచిలుకు మందితో పెద్ద ప్రయోగం జరిగింది, 2013లో వచ్చింది. రోజుకు 30 గ్రాములు: అక్రోట్లు 15, బాదం ఏడున్నర, హేజల్ నట్ ఏడున్నర. గుండెజబ్బులు, పక్షవాతం దాదాపు 30 శాతం తగ్గాయన్నారు. తర్వాత మనుషులను గుంపులుగా పంచడంలో పొరపాట్లు బయటపడ్డాయి. ఆ పేపరును వెనక్కి తీసుకుని, లెక్కలు మళ్లీ చేసి 2018లో మళ్లీ వేశారు. ఫలితం ఇంచుమించు అదే. తప్పు బయటపెట్టుకుని మళ్లీ వేశారు చూడండి, నాకు శాస్త్రంలో నచ్చేది అదే. కానీ గమనించారా, అందులో పైన్ గింజ లేదు. పైన్ చెట్లున్న స్పెయిన్‌లోనే, ఆ ముప్పై గ్రాముల్లో పైన్ లేదు.

ఇంకొక ముచ్చట. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2003లో నట్స్ ప్యాకెట్ల మీద గుండె గురించి ఒక వాక్యం రాసుకోవడానికి ఒప్పుకుంది. ఆ వాక్యంలోనే "సూచిస్తోంది, కానీ రుజువు చేయడం లేదు" అని ఉండాలన్నారు. ఏ నట్స్‌కు వర్తిస్తుందో జాబితా ఇచ్చారు: బాదం, పల్లీ, పిస్తా, అక్రోట్ ఇట్లా. పైన్ దగ్గరికొచ్చేసరికి ఏమన్నారో తెలుసా? "కొన్ని పైన్ గింజలు" అన్నారు. కొన్ని! వాళ్లకు కూడా ఏ పైన్ అన్న ప్రశ్న తప్పలేదు.

ఇప్పుడు నా కక్ష కథ. 2010లో మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ పైన్ గింజలు తెచ్చాడు. టీవీ చూస్తూ గుప్పెడు నమిలాను, రుచిగానే ఉన్నాయి. ఆ రోజు ఏమీ లేదు, మర్నాడు కూడా లేదు. రెండో రోజు పొద్దున చాయ్ తాగితే చేదు. చక్కెర వేశావా అని అడిగాను మా ఆవిడను. వేశానంది. మధ్యాహ్నం చారు చేదు, మెంతులు ఎక్కువైనట్టున్నాయి అన్నాను. మెంతులే వెయ్యలేదు అంది. రాత్రి జొన్నరొట్టె కూడా చేదు, నాలుక మీద రాగి బిళ్ల పెట్టుకున్నట్టు. మూడో రోజుకు ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు లేరు, ఏది పెట్టినా వంక పెడుతున్నానని. నాకేమో లోపల టెన్షన్. లివరా? నరాలా? ఒక ఆసుపత్రికి పోతే రక్తపరీక్షలు, స్కానింగ్, అన్నీ రాశారు. అన్నీ బాగున్నాయి. నోరు మాత్రం చేదు. పది రోజులకు దానంతట అదే పోయింది.

దానికి పేరుంది. పైన్ నోరు అంటారు. 2001లో బెల్జియం నుంచి మొదటిసారి వైద్య పత్రికలో రాశారు. 2008 తర్వాత ఫ్రాన్స్‌లో విషాల సమాచారం చెప్పే కేంద్రాలకు మూడు వేలకు పైగా ఫోన్లు వచ్చాయి. తిన్న పన్నెండు గంటల నుంచి రెండు రోజుల లోపు మొదలవుతుంది, కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా ఉంటుంది, ఇంకేమీ చెయ్యదు, పోతుంది. తిన్న వెంటనే రాదు కాబట్టి ఎవడూ గింజను అనుమానించడు, వంట చేసినావిడనే అనుమానిస్తాడు. పరిశోధకులు గింజల నూనెలో ఏ కొవ్వు ఆమ్లం ఎంతుందో కొలిచారు. వేలిముద్రలాగా, ఏ జాతో దానితో తెలిసిపోతుంది. ఫిర్యాదు వచ్చిన ప్యాకెట్లలో మళ్లీ మళ్లీ దొరికింది ఎవరు? ఇందాక చెప్పాను, పినస్ ఆర్మండీ, చైనా తెల్ల పైన్. మంచి రకాల్లో కలిపి అమ్మేశారు. అది కొంచెం పొట్టిగా, ముదురు రంగులో, మెరుపు లేకుండా ఉంటుంది. పాతబడిన నూనె వల్ల కాదు, బూజు వల్ల కాదు, ఆ జాతి వల్ల. అందులో ఏ పదార్థం చేదు పుట్టిస్తుందో మాత్రం ఇంకా పట్టుకోలేదు. మా ఆవిడ ఈ కథ విన్నాక ఒక్కటే అంది: "పది రోజులు నా చారును తిట్టారు." ఆమెకు నేనింకా బాకీ ఉన్నాను.

సారపప్పు గురించి చెప్తానన్నాను. నల్లమలలో, అమ్రాబాద్, అచ్చంపేట పైన అడవిలో మొర్రి చెట్టు ఉంది. మొర్రిపండ్లు తిన్నారా ఎవరైనా? ఆ గింజ లోపలి పప్పే సారపప్పు. చెంచులు ఏరుకొచ్చి, పగలగొట్టి అమ్ముతారు. దీనికి పైన్‌తో చుట్టరికం లేదు, ఇది మామిడి, జీడి కుటుంబం. కానీ పాయసంలో చేసే పని ఇంచుమించు అదే. దీని మీద పద్దెనిమిది మందికి గొట్టాలిచ్చి ప్రయోగం చేయించే కంపెనీ ఏదీ లేదు. పరిశోధన ఎక్కువ జరిగిన గింజ ఎక్కువ మంచిదని కాదు, దాని వెనక ఎక్కువ డబ్బుందని కావచ్చు.

ప్రశ్నలు

(మూడు ప్రశ్నలు వచ్చాయి. జవాబులు మాత్రం ఇస్తున్నాం.)

షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా అని అడిగారు అక్క. తినొచ్చమ్మా, పిండిపదార్థం తక్కువే. కానీ 30 గ్రాములు తింటే రెండు వందల కేలరీలు అని లెక్క పెట్టుకోండి. రెండు వందలంటే ఒక పూట రొట్టెల్లో సగం. అది తగ్గించుకుని ఇది తినాలి, దాని మీద ఇది కాదు.

ఎట్లా దాచాలి? అసంతృప్త నూనె ఎక్కువ కాబట్టి తొందరగా పాడవుతుంది. మన ఎండాకాలంలో అలమారలో పెడితే ముక్కిపోయిన వాసన వస్తుంది. గాలి చొరని సీసాలో ఫ్రిజ్‌లో పెట్టండి, కొంచెమే కొనండి. పల్లీలకు ఇంకో భయం ఉంది, తేమ తగిలితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ వస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష టర్కీ కోళ్లు చచ్చిపోతే, ఎందుకని వెతుకుతూ పోతే వాటికి పెట్టిన పల్లీ చెక్కలో దొరికింది ఆ విషం. లివరు మీద పడుతుంది. అందుకని ముడతలు పడ్డ గింజ, రంగు మారిన గింజ, చేదు గింజ ఉమ్మేయండి. పొదుపని మింగకండి.

చిన్నపిల్లలకు పెట్టొచ్చా? ఐదేళ్లలోపు పిల్లలకు ఏ గింజా గింజగా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడుతుంది. పొడి చేసి కలపండి. అలర్జీ అరుదే గానీ ఉంది, పైన్ గింజతో ఊపిరాడకుండా అయినవాళ్లున్నారు.

ఇదిగో, ఈ బల్ల మీద మూడు గిన్నెలు పెట్టించాను. ఒకటి వేయించిన పల్లీలు, ఒకటి సారపప్పు. మూడోది మా మిత్రుడు తెప్పించిన పావుకిలోలో మిగిలింది. పొడుగ్గా, గోధుమరంగు పెంకుతో ఉంది చూడండి, అది కిన్నౌర్ వైపు చిల్గోజానే. కొరియన్ పైన్ కాదు, ఆ వీడియోలో చెప్పిన నూనె దీనిది కాదు. దేనికైనా అలర్జీ ఉన్నవాళ్లు ముట్టుకోవద్దు. మిగతావాళ్లు తలా నాలుగు తీసుకోండి. పెంకు పళ్లతో కొరకకండి, వేళ్లతో నొక్కితే విడిపోతుంది. పల్లీ గిన్నె దగ్గర తోసుకోకండి, ఇంకో కిలో వేయించి తెచ్చాం.